గుటక లయ తప్పితే...

పార్కిన్సన్స్ జబ్బులో చేతి వణుకు అందరికీ కనిపిస్తుంది. గొంతులో జరిగేది ఎవరికీ కనిపించదు. తడబడే నడకకు తాళం సాయపడుతుందని పాతికేళ్లకు పైగా పరిశోధనలు చెబుతున్నాయి. మరి మింగడానికి? ఈ ప్రశ్న అడగడానికి కూచిపూడి కంటే తగిన చోటు లేదు.

అన్నం తింటుండగా ఎవరికైనా పొలమారితే మాడు మీద తట్టి, మంచినీళ్ల గ్లాసు చేతికిచ్చి, 'నిన్నెవరో తలుచుకుంటున్నారు' అనడం మన ఇళ్లలో అలవాటు. పార్కిన్సన్స్ ఉన్న పెద్దాయనకు పూటపూటా పొలమారుతున్నా ఇంట్లోవాళ్లు ఆ మాటే అంటారు. అమెరికాలో ఉన్న కొడుకనో, హైదరాబాదులో ఉన్న మనవరాలనో సర్దుకుంటారు. ఆ ప్రేమను తప్పుపట్టలేం. కానీ ఈ జబ్బులో అన్నిటికంటే తేలిగ్గా దారితప్పేది వాళ్లు చేతికిచ్చిన ఆ నీళ్లే.

దారితప్పిన గుటక ఊపిరితిత్తుల్లోకి చేరితే న్యుమోనియా వస్తుంది. పార్కిన్సన్స్ ఉన్నవాళ్ల మరణాలకు ముఖ్యమైన కారణాల్లో ఇదొకటి. ఇంత పెద్ద ప్రమాదం గురించి ఇంట్లో మాట్లాడుకోవడం చాలా తక్కువ. వైద్యుడి దగ్గరికి వెళ్లినా వణుకు గురించి, నడక గురించి, నిద్ర గురించి చెబుతాం. 'అన్నం సరిగ్గా తింటున్నారా?' అని అడిగితే 'కొంచెం నెమ్మదిగా తింటారండీ' అని ఊరుకుంటాం.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతీ కాదు. లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో ఈ జబ్బు మీద తన చిన్న పుస్తకం అచ్చువేశాడు. ఆరుగురిని చూసి రాసిన ఆ పుస్తకంలోనే నోటినుంచి చొంగ కారడం, ముద్ద మింగుడుపడకపోవడం రెండూ ఉన్నాయి. రెండు వందల ఏళ్లు గడిచినా మన చూపు ఇంకా చేతి మీదే ఉంది. 2012లో నెదర్లాండ్స్ పరిశోధకులు అంతకుముందు జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి లెక్కగట్టారు. మింగడం కష్టంగా ఉందా అని అడిగితే నూటికి 35 మంది అవునన్నారు. పరీక్ష చేసి చూస్తే 80 మందికి పైగా ఆ లోపం ఉంది. అంటే సగానికి సగం మందికి తమ గొంతులో జరుగుతున్నది తమకే తెలియదు. ఈ జబ్బులో గొంతు స్పర్శ కూడా మొద్దుబారుతుంది. నీటిచుక్క శ్వాసనాళంలోకి జారినా కొందరికి దగ్గు రాదు. పొలమారితే కనీసం ఇంట్లోవాళ్లకు తెలుస్తుంది. పొలమారకుండానే లోపలికి పోయేదాన్ని పరీక్షే పట్టుకోవాలి.

నాలుక అడుగు వేయలేనప్పుడు

ముద్ద నోట్లో పెట్టుకుంటాం, నములుతాం, నాలుక దాన్ని కూడగట్టి వెనక్కి నెడుతుంది. అంతవరకూ మన చేతిలో పని. ఆ తర్వాత జరిగేదంతా దాదాపు ఒక్క సెకనులో, మన ప్రమేయం లేకుండా జరుగుతుంది. ముక్కు దారి మూసుకుంటుంది, స్వరపేటిక పైకి లేస్తుంది, శ్వాసనాళానికి మూత పడుతుంది, అన్నవాహిక తెరుచుకుంటుంది. ఆ క్షణంలో ఊపిరి ఆగుతుంది. ముద్ద దిగాక మామూలుగా ఊపిరి బయటికి వదులుతాం. వదిలే ఆ గాలి గొంతులో మిగిలిన మెతుకులను పైకి నెట్టేస్తుంది. పార్కిన్సన్స్ ఉన్నవాళ్లు మింగిన వెంటనే ఊపిరి లోపలికి పీల్చడం ఎక్కువగా కనిపిస్తుంది. మిగిలిన మెతుకును ఊపిరితిత్తుల వైపు లాగేది అదే.

ఈ జబ్బు ఉన్న మనిషి గుమ్మం దగ్గర ఆగిపోవడం చూసినవాళ్లకు నాలుక సంగతి వెంటనే అర్థమవుతుంది. గడప ముందు కాళ్లు నేలకు అతుక్కుపోతాయి, చిన్నచిన్న అడుగులు అక్కడికక్కడే పడుతుంటాయి. నోట్లోనూ అంతే. నాలుక ముద్దను కొంచెం వెనక్కి జరిపి, మళ్లీ ముందుకు తెచ్చి, మళ్లీ వెనక్కి జరుపుతూ ఉంటుంది. చివరి నెట్టు మాత్రం పడదు. కంచం ముందు గంటసేపు కూర్చున్న మనిషి అన్నమంటే ఇష్టంలేక కూర్చోలేదు. చొంగ కారడమూ ఇలాంటిదే. ఉమ్మి ఎక్కువ ఊరుతోందని అందరూ అనుకుంటారు. నిజానికి ఊరేది ఎక్కువ కాదు, గుటక వేయడం తగ్గిపోయింది. భుజం మీద తుండుగుడ్డ వేసుకుని నలుగురిలోకి రావడం మానేసిన పెద్దలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వాళ్లు సిగ్గుపడాల్సిందేమీ లేదని ముందు ఇంట్లోవాళ్లు తెలుసుకోవాలి.

మెదడు అడుగున నల్లని రంగు కణాల గుంపు ఒకటుంది. డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసేవి అవే. అవి క్షీణించేకొద్దీ బేసల్ గాంగ్లియా అనే భాగం మందగిస్తుంది. ఏ కదలిక ఎప్పుడు మొదలుకావాలి, ఎంత పెద్దదిగా ఉండాలి, దాని తర్వాతది ఎప్పుడు అందుకోవాలి అన్నది చూసుకునేది ఈ భాగం. నర్తకి వెనక కూర్చుని తాళం వేసే నట్టువనారు ఎలాంటివాడో, మన ప్రతి కదలికకూ ఇది అలాంటిది. లోపల తాళం వేసేవాడు అలసిపోతే కాలు, చెయ్యి, నాలుక మూడూ తడబడతాయి. కండరాల్లో బలం ఉంటుంది, వాటికి ఎత్తుగడే అందదు.

బయటినుంచి పడే దెబ్బ

లోపలి తాళం మందగించినవాళ్లకు బయటినుంచి తాళం అందిస్తే ఏమవుతుంది? అమెరికాలోని కొలరాడోలో మైకేల్ తౌట్ బృందం 1996లో దీనికి జవాబు చెప్పింది. పార్కిన్సన్స్ ఉన్నవాళ్ల చేత మూడు వారాలపాటు ఇంటి దగ్గరే, లయ స్పష్టంగా వినిపించే సంగీతానికి అడుగు కలుపుతూ నడక సాధన చేయించారు. నడక వేగం దాదాపు పాతిక శాతం పెరిగింది, అడుగు పొడవైంది. చెవిన పడ్డ తాళం దెబ్బతిన్న దారిని వదిలేసి, చిన్న మెదడు మీదుగా, కదలికకు సన్నాహం చేసే పైభాగాల మీదుగా కాలికి చేరుతుందని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. ఆ తర్వాత ఈ పద్ధతి ఎన్నో దేశాల్లో పార్కిన్సన్స్ చికిత్సలో భాగమైంది.

విజయవాడ నుంచి పామర్రు మీదుగా 60 కిలోమీటర్ల దూరంలో ఉన్న కూచిపూడిలో ఈ సూత్రం రోజూ కళ్లముందు జరుగుతుంది. భామాకలాపం కూర్చిన సిద్ధేంద్ర యోగి పేరుతో నడుస్తున్న కళాపీఠంలోనో, గురువుగారి ఇంటి వసారాలోనో కొత్తగా చేరిన పిల్లల తరగతి చూడండి. గురువు నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటారు. ముందు చెక్కపలక, చేతిలో కర్ర. తకధిమి అని నోటితో అంటూ పలక మీద దెబ్బ వేస్తారు. పిల్లలు అదే అడవును మొదటి కాలంలో, రెండో కాలంలో, మూడో కాలంలో చేస్తారు. మూడో కాలానికి వచ్చేసరికి వరుసలో చివరనున్న పాప తప్పుతుంది. గురువు ఆపరు, కేకలు వేయరు. కర్రను ఒకింత గట్టిగా పలక మీద వేస్తారు. మూడు నాలుగు దెబ్బల్లో ఆ పాప పాదం మళ్లీ వరుసలోకి వస్తుంది. కొలరాడోలో వాళ్లు చేసింది సరిగ్గా ఇదే. తప్పిన కాలికి వివరణ అక్కర్లేదు, వినబడే దెబ్బ కావాలి.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకు లయను పట్టుకునే శక్తి కూడా కొంత తగ్గుతుందని జెస్సికా గ్రాన్, మాథ్యూ బ్రెట్ 2009లో చూపించారు. దెబ్బను దాచి, మధ్యలో ఖాళీ వదిలి, వినేవాడే దాన్ని ఊహించుకోవాల్సిన లయలు వాళ్లకు అందవు. కాబట్టి మనం చప్పట్లు కొట్టే తీర్మానాలు, ముక్తాయింపులు, తరంగంలో ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి మృదంగంతో చేసే సవాలు జవాబులు ఇక్కడ పనికిరావు. పనికొచ్చేది మొదటిరోజు పాఠం. సమంగా, నెమ్మదిగా, స్పష్టంగా పడే చతురశ్రం. ఏళ్ల సాధన ఉన్న కళాకారుడు తన విద్యలో అన్నిటికంటే చిన్న ముక్కను ఇవ్వాలి. అడిగితే సంతోషంగా ఇస్తారనే నా నమ్మకం.

నడక నుంచి నాలుకకు

కాలికి పనిచేసింది గొంతుకూ పనిచేస్తుందా? సూటిగా చెబితే, నడక మీద ఆధారాలు గట్టివి. మింగడం మీద ఉన్నవి తక్కువ, పరీక్షించిన బృందాలు చిన్నవి. అయినా అవన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయి.

జపాన్‌లో నొజాకి బృందం పార్కిన్సన్స్‌లో మింగే ఇబ్బందికి మెట్రోనోమ్‌తో లయ చికిత్స చేసి, ఆ వివరాలను 2012లో ప్రచురించింది. మెట్రోనోమ్ అంటే సంగీతం నేర్చుకునేవాళ్లు వాడే టిక్కుటిక్కుల యంత్రమే. ఇప్పుడది ఫోనులో ఉచితంగా దొరుకుతుంది. 2001లో ఇంగ్లండులో చొంగ సమస్య ఉన్నవాళ్లకు చొక్కాకు పెట్టుకునే చిన్న పిన్ను ఇచ్చి చూశారు. అది అప్పుడప్పుడు శబ్దం చేసి గుటక వేయమని గుర్తుచేస్తుంది. 2010లో కెనడా పరిశోధకులు చూయింగ్ గమ్ నమిలించారు. నమలడమే ఒక లయ కదా. నములుతున్నంతసేపూ గుటకలు పెరిగాయి, ఒక గుటకకూ మరో గుటకకూ మధ్య వ్యవధి తగ్గింది. అలాగని వక్కపొడి అందుకోవద్దు. వక్క నోటికి చేసే కీడు ఒకటైతే, ఆ పలుకులు గొంతుకు అడ్డం పడటం ఇంకొకటి.

అమెరికాలోని అయోవాలో ఎలిజబెత్ స్టెగెమోలర్ ఎనిమిది వారాలపాటు ఈ జబ్బు ఉన్నవాళ్ల చేత బృందంగా పాటలు పాడించింది. మింగేటప్పుడు పనిచేసే గొంతు కండరాల చలనంలో మెరుగుదల కనిపించిందని 2017లో రాసింది. గొంతెత్తి గట్టిగా మాట్లాడే సాధన, గాలిని బలంగా ఊదే సాధన కూడా మింగడానికి మేలుచేస్తాయని వేరే అధ్యయనాలు చెబుతున్నాయి. ఊదే సాధన మీద 2010లో 60 మందితో జరిగిన పరీక్ష వీటన్నిటిలోకీ పకడ్బందీది. నాలుగు వారాల సాధనతో మింగడంలో భద్రత పెరిగింది.

ఇవి చదువుతుంటే నాకు కృష్ణా జిల్లా పెద్దవాళ్లే గుర్తుకొస్తారు. మైకుల్లేని కాలంలో వీధి అరుగు మీద తెల్లవార్లూ ఆడిన కూచిపూడి భాగవతులు ఆడటమే కాదు, పాడారు, మాట్లాడారు. వేదాంతం సత్యనారాయణ శర్మగారి సత్యభామను చూసినవాళ్లు ఆ నడకతో పాటు ఆ గొంతునూ చెప్పుకుంటారు. ఊరూరా పద్యనాటకం చూసి, ఒక్క ఊపిరిలో రాగం తీసిన తరం ఇంకా మన మధ్యనే ఉంది. వాళ్లలో ఎవరికైనా ఈ జబ్బు వస్తే, మాట గొణుగుడైపోతే, రోజూ ఓ పద్యం గొంతెత్తి పాడమని చెప్పడం కంటే దగ్గరి దారి ఏముంటుంది? ఇంగ్లీషు అక్షరాలు వల్లెవేయించే వ్యాయామం వాళ్లకు పరాయిది. పద్యం వాళ్ల సొంతం. పాడేముందు గుండెనిండా ఊపిరి పీల్చడం, రాగం చివరిదాకా దాన్ని నిలపడం వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు.

లయ ఎక్కడిదాకా వెళ్లగలదో, ఎక్కడ ఆగుతుందో కూడా చెప్పాలి. మింగడంలో మొదటి సగం మన అధీనంలో ఉంది. నమలడం, కూడగట్టడం, నెట్టడం, ఊపిరి బిగపట్టడం తాళానికి లొంగుతాయి. గొంతులో ఆ ఒక్క సెకనులో జరిగేది తాళం మాట వినదు. కాకపోతే మొదటి సగం వేళకు పడితే రెండో సగానికి మంచి ఆరంభం దొరుకుతుంది. తకధిమి నాలుగక్షరాలకు నాలుగు పనులు పెట్టుకోవచ్చు. త అంటే ముద్ద కూడగట్టడం, క అంటే ఊపిరి బిగపట్టడం, ధి అంటే గట్టిగా గుటక వేయడం, మి అంటే ఊపిరి వదలడం. మొదట ఉమ్మితో, తర్వాత అరచెంచా గట్టిపెరుగుతో, ఆపైన అన్నంతో. ఏ వేగంలో అన్నది మనిషిని బట్టి స్పీచ్ థెరపిస్టే నిర్ణయించాలి. యూట్యూబ్ చూసి ఇంట్లో మొదలుపెట్టే పని మాత్రం కాదిది.

కంచం దగ్గర

మింగే లోపాన్ని పరీక్షించడానికి రెండు మార్గాలున్నాయి. బేరియం కలిపిన ఆహారం మింగిస్తూ ఎక్స్‌రేతో వీడియో తీయడం ఒకటి. ముక్కులోంచి సన్నని కెమెరా గొట్టం పంపి గొంతును చూడటం మరొకటి. ఏది ఎటు పోతోందో తెలిశాకే తిండి మార్చాలి.

మన కంచంలో ప్రమాదం పలచటి వాటిలో ఎక్కువ. మంచినీళ్లు, చారు, పలచని మజ్జిగ, కాఫీ నాలుక కూడగట్టేలోపే జారిపోతాయి. పలచనిదీ పలుకైనదీ కలిసినవి ఇంకా కష్టం. మజ్జిగ అన్నంలో నీళ్లు ముందు పోతాయి, మెతుకులు వెనకపడతాయి. పొడిపొడిగా రాలే ఉప్మా, జంతికలు, అటుకులు గొంతులో చెల్లాచెదురవుతాయి. ముద్దపప్పు నెయ్యి వేసి మెత్తగా కలిపిన అన్నం, గట్టిపెరుగు, చిక్కని రాగిజావ చాలామందికి సులువుగా దిగుతాయి. గడ్డం ఛాతీ వైపు వంచి మింగమని చెబుతుంటారు. అదీ అందరికీ సరిపడదు. అమెరికాలో మింగే ఇబ్బంది ఉన్న 700 మందికి పైగా పార్కిన్సన్స్, మతిమరుపు రోగులను పరీక్షిస్తే, తల వంచి తాగడం కంటే ద్రవాన్ని బాగా చిక్కబరచడమే ఎక్కువమందిని కాపాడింది. చాలామందికి ఈ రెండూ చాలలేదు. పైగా చిక్కనివే ఇస్తూపోతే మనిషి నీళ్లు తాగడం తగ్గించేస్తాడు. మన ఎండల్లో అది ఇంకో ప్రమాదం.

భోజనం వేళ టీవీ ఆపేయాలి. పక్కన కూర్చుని కబుర్లు చెప్పడం ప్రేమే, కానీ ముద్ద నోట్లో ఉన్నప్పుడు ప్రశ్న వేయకూడదు. ఈ జబ్బులో మనసు ఒక పని మీదే నిలబడగలదు. లెవోడోపా మాత్ర పనిచేస్తున్న సమయంలో తినడం మేలు. అయితే ఆ మాత్ర వణుకు మీద చూపినంత ప్రభావం మింగడం మీద చూపదు. పప్పు, పాలు, గుడ్డు వంటి మాంసకృత్తులు మాత్ర ఒంటబట్టడానికి అడ్డొస్తాయి కాబట్టి, భోజనానికి ఎంత ముందు వేసుకోవాలో వైద్యుణ్ని అడగాలి. దూలగొండి గింజల్లో లెవోడోపా ఉన్నమాట నిజమే. అలాగని పొడిచేసి మాత్రలతో పాటు మింగిస్తే మోతాదు అదుపు తప్పుతుంది.

తాళం, వైద్యం కలవాలి

న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో 2001 నుంచి మార్క్ మోరిస్ నృత్యబృందం పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకు నాట్య తరగతులు నడుపుతోంది. మన పక్కనే పుణెలో హృషీకేశ్ పవార్ ఏళ్లుగా అలాంటి తరగతి నడుపుతున్నారు. ముంబయి కేంద్రంగా పార్కిన్సన్స్ సొసైటీ ఎన్నో ఊళ్లలో రోగుల బృందాలను కూర్చోబెడుతోంది. కూచిపూడిలో కళాపీఠం ఉంది, తాళం తెలిసిన కుటుంబాలున్నాయి. ప్రవాసాంధ్రుల విరాళాలతో సిలికానాంధ్ర కట్టిన సంజీవని ఆసుపత్రి ఆ ఊళ్లోనే ఉంది. గంటన్నర దూరంలో విజయవాడ న్యూరాలజిస్టులున్నారు, మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. వీళ్లందరినీ కలపడానికి కావాల్సింది ఒక్క స్పీచ్ థెరపిస్టు. మాటలు రాని చిన్నపిల్లల కోసమే స్పీచ్ థెరపీ అని మనం అనుకుంటాం. మింగడం నేర్పేదీ వాళ్లే. మైసూరులో 1965లో మొదలైన అఖిలభారత సంస్థలోనూ, సికింద్రాబాదులోని అలీ యావర్ జంగ్ సంస్థ కేంద్రంలోనూ ఏటా ఇలాంటి థెరపిస్టులు చదివి బయటికొస్తున్నారు.

ఒక థెరపిస్టు, ఒక నట్టువనారు, వారానికి రెండు ఉదయాలు, ఇరవైమంది రోగులు. మొదలుపెట్టేముందు ఒకసారి, ఎనిమిది వారాల తర్వాత ఒకసారి కెమెరా పరీక్ష. ఇంతకుమించి ఖర్చేమీ లేదు. ఫలితం మంచిదైనా కాకపోయినా ప్రపంచానికి కొత్త సంగతి చెప్పినట్టవుతుంది. కళాపీఠం పెద్దలు, ఆసుపత్రి నిర్వాహకులు ఒకరింటికి ఒకరు నడిచి వెళ్లేంత దగ్గరలో ఉన్నారు. ఆ మాట ముందెత్తేది వాళ్లయితే ఎంతో బాగుంటుంది.

అంతవరకూ ఆగకుండా మీరు చేయగలిగింది ఒకటుంది. మీ ఇంట్లో పార్కిన్సన్స్ ఉన్నవాళ్లు నీళ్లు తాగేటప్పుడు దగ్గుతున్నా, తిన్నాక గొంతు గరగరలాడుతున్నా, భోజనానికి ముప్పావుగంట దాటుతున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా ఓ కాగితం మీద రాసిపెట్టండి. ఈసారి న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లినప్పుడు ఆ కాగితం చూపించి, మింగే పరీక్ష రాయమని అడగండి.